అప్పు చేసి కెమెరా కొనుడు తర్వాత, ముందు లైటు, కార్డు, హిసాబు

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: దేవరకొండలో స్టూడియో ఉంది. ఆరేండ్లుగా పాస్‌పోర్ట్ ఫోటోలు, సీజన్‌లో పెద్ద స్టూడియోలకు రోజు కూలికి కెమెరామన్‌గా పోవుడు. ఇప్పుడు సొంతంగా పెండ్లిళ్ళు ఒప్పుకుంటున్నడు. చేతిలో ఉన్నది ఒకే కార్డు పట్టే పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్సు. ఫోటోల్లో మొఖాలు వంకాయ రంగుకు తిరుగుతున్నయి, చేసిన నాలుగు పెండ్లిళ్ళలో రెండిటి ఆల్బమ్ పైసలు ఇంకా రాలేదు. మూడు లక్షలు అప్పు తెచ్చి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా కొంటే దారిలో పడుతదా అన్నా, అని.

తమ్మీ, నువ్వు చెప్పిన బాధల్లో కొత్త కెమెరాతో తీరేది ఒక్కటి కూడా లేదు. ఒక్కొక్కటే చూద్దాం.

వంకాయ రంగు ముందు. డెకరేషన్ వాళ్ళు మండపానికి అటూ ఇటూ పెట్టే ఎల్‌ఈడీ పార్ లైట్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం బల్బులు విడివిడిగా ఉంటయి. వంకాయ రంగు వస్తుందంటే ఆకుపచ్చ ఆరిపోయి ఎరుపు, నీలం మాత్రమే వెలుగుతున్నట్టు. మొఖం మీద అసలే పడని ఆకుపచ్చను వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగు) ఎక్కడి నుంచి తెస్తది? రా ఫైలుగా (కెమెరా సరిచేయని ఒరిజినల్‌గా) తీసినా రాదు, ఎంత ఖరీదు కెమెరాతో తీసినా రాదు. లగ్నానికి అరగంట ముందే లైట్ల ఆపరేటర్ దగ్గరికి పోయి, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా పార్ లైట్లను వెనక తెర మీదికి తిప్పమని, మొఖాల మీద తెల్ల లైటే ఉంచమని అడుగు. నూటికి తొంభై మంది ఒప్పుకుంటరు. కాకపోతే ఆటో మోడ్‌లో వదిలేసి అన్నం తిననీకి పోతరు, అందుకే అతని ఫోన్ నంబర్ జేబులో ఉండాలె.

రెండోది, ఫోటోల్లో అడ్డంగా నల్ల పట్టీలు. ఇది నువ్వు అడగలేదు గానీ మిర్రర్‌లెస్ కొన్న మొదటి వారమే ఎదురైతది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే మామూలు లైటు సెకనుకు 100 సార్లు మినుకుతది. షట్టర్ వేగం 1/100 లేదా 1/50 సెకను పెడితే ప్రతి ఫోటోలో ఒకే అంత వెలుగు పడుతది. 1/250 పెడితే ఒక ఫోటో వెలుగుగా, ఇంకోటి మసకగా, సగం ఫ్రేమ్ పసుపుగా వస్తది. వీడియో 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఇక్కడ 30 ఫ్రేములు, 1/60 పెట్టినోడు లైట్లు వణుకుతున్నయని తల పట్టుకుంటడు. సైలెంట్ షట్టర్ మండపం దగ్గర ఆపెయ్. అది ఎలక్ట్రానిక్ షట్టర్, సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుసగా చదువుతది, ఆ లోపల ఎల్‌ఈడీ నాలుగైదు సార్లు ఆరి వెలుగుతది, అవే పట్టీలు. మెకానికల్ షట్టర్ పెట్టు. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (మినుకు తప్పించే సెట్టింగు) ఉంటే ఆన్ చేయి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే దాని మినుకు వేగం వేరే. ముందుగాల నాలుగైదు షట్టర్ వేగాలతో తీసి చూసుకొని, పట్టీ రానిది ఎంచుకోవాలె.

ఇక ఫ్లాష్. ఫంక్షన్ హాల్ కప్పు ఇరవై అడుగులు ఉంటది, లాన్‌లో కప్పే ఉండదు, ఊర్లలో ఎర్ర షామియానా ఉంటది. కెమెరా మీది ఫ్లాష్‌ను పైకి తిప్పి కొడితే హాల్లో వెలుగు తిరిగి రాదు, షామియానా కింద మాత్రం మొఖాలన్నీ కుంకుమ చల్లినట్టు వస్తయి. అందుకని రెండు ఫ్లాష్‌లు స్టాండ్ల మీద పెట్టాలె. మండపానికి ముందు, కుడి ఎడమ మూలల్లో, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున, జంట మొఖాలకు 45 డిగ్రీల కోణంలో, తెల్ల గొడుగులతో. జంట నుంచి 3–4 మీటర్ల దూరంలో ఉంటే ఐఎస్‌వో (సెన్సర్ సున్నితత్వం) 800, లెన్సు రంధ్రం ఎఫ్ 4, షట్టర్ 1/100, ఫ్లాష్ పవర్ 1/8 నుంచి 1/16 దగ్గర మొదలుపెట్టు. ఫుల్ పవర్ మీద పెట్టేది తప్పు. ఫుల్ పవర్‌లో కొట్టిన ఫ్లాష్ మళ్ళీ నిండనీకి రెండు మూడు సెకన్లు తీసుకుంటది, ఆ లోపల అయ్యగారు జీలకర్ర బెల్లం పెట్టించేసి మంత్రం ముందుకు పోతడు. 1/8లో అయితే వెంటవెంటనే నాలుగైదు సార్లు కొట్టొచ్చు.

తలంబ్రాలకు కూడా ఇదే సెట్టింగు. చాలామంది షట్టర్ 1/1000 పెడితేనే గాల్లో బియ్యం ఆగుతయనుకుంటరు. 1/8 పవర్‌లో ఫ్లాష్ మెరుపే వెయ్యో వంతు సెకను కంటే చాలా తక్కువ, బియ్యపు గింజను ఆపేది అదే. షరతు ఒక్కటే, ఫ్లాష్ లేకుండా తీస్తే ఆ సెట్టింగులో ఫోటో కనీసం రెండు స్టాపులు చీకటిగా, అంటే నాలుగో వంతు వెలుగుతోనే రావాలె. లేకుంటే ప్రతి గింజకూ వెనక తోక వస్తది. వీడియో కెమెరామన్ ఫోకస్ లైటు దగ్గరికి తెచ్చినప్పుడు ఆ తోకలు తప్పవు, కాబట్టి అతనితో ముందే మాట్లాడుకో. తలంబ్రాల టైంలో లెన్సు మార్చకు. పసుపు పొడి సెన్సర్ మీదికి పోతే ఊదితే పోదు, తడి స్వాబ్‌తో తుడవాల్సి వస్తది.

మన దిక్కు పిలగాని వైపు, పిల్ల వైపు వేర్వేరు ఫోటోగ్రాఫర్లు ఉండుడు మామూలే. ఇద్దరి దగ్గరా ఒకే కంపెనీ ట్రిగ్గర్ (ఫ్లాష్‌ను దూరం నుంచి పేల్చే రిమోట్) ఉండి, ఇద్దరూ ఛానల్ 1 మీదే వదిలేస్తే, అతను బటన్ నొక్కినప్పుడల్లా నీ ఫ్లాష్ పేలుతది. నువ్వు నొక్కేసరికి అది ఖాళీ. ఫ్లాష్ పాడైందని బ్యాటరీలు మార్చుకుంట కూర్చుంటరు. మండపం ఎక్కకముందే ఛానల్, ఐడీ రెండూ మార్చుకో, ఎవరు ఏ వైపు నిలబడాల్నో కూడా మాట్లాడుకో. స్టాండ్ కాళ్ళకు ఇసుక సంచి కట్టుడు మరువకు. లాన్‌లో గొడుగు గాలికి తెరచాప లెక్క పనిచేస్తది, కింద పిల్లలు ఉరుకుతుంటరు.

చీరల గురించి ఒక మాట. గద్వాల చీర జరీ అంచు ఎదురు ఫ్లాష్‌కు అద్దం లెక్క మెరిసి తెల్లగా కాలిపోతది, లైటు పక్క నుంచి రావాలె, తెల్లగా కాలిన చోటు చూపే హైలైట్ హెచ్చరిక ఆన్ ఉండాలె. నారాయణపేట సన్న గళ్ళ చీర మీద ఇంద్రధనుస్సు అలల్లాంటివి వస్తయి, మోరే అంటరు. బట్ట గళ్ళు, సెన్సర్ పిక్సెళ్ళు ఒకదాని మీద ఒకటి పడి వచ్చే దోషం అది. రెండడుగులు ముందుకో వెనక్కో జరిగినా, జూమ్ కొంచెం మార్చినా పోతది. ఫోటోలో బ్రష్‌తో తగ్గించొచ్చు, వీడియోలో వచ్చిందంటే వదిలించుడు కష్టం. మంగళస్నానం దగ్గర ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టకు. ఫ్రేమంతా పసుపే కాబట్టి కెమెరా దాన్ని తగ్గించాలని చూసి చర్మాన్ని నీలిగా చేస్తది. వైట్ బ్యాలెన్స్‌ను ఎండలో 5200–5500 కెల్విన్, పందిరి నీడలో 6500 దగ్గర కట్టేయి. మే నెలలో నల్లగొండ ఎండకు 4కే ఆగకుండా రికార్డు చేస్తే కెమెరా వేడెక్కి ఆగిపోతది. వేడి పరిమితిని మెనూలో ఎక్కువకు పెట్టు, తెరను బాడీకి దూరంగా తెరిచి ఉంచు, గొడుగు నీడ ఇవ్వు. డ్రోన్ బ్యాటరీలు కారు డిక్కీలో వదలకు.

ఇప్పుడు అసలు భయం, డేటా. మొఖం రంగు చెడితే కస్టమర్ తిడుతడు, పుస్తె కట్టిన ఫైలు పోతే వాళ్ళ ఇంటి ముందు పంచాయితీ. లెక్క వేసి చూడు. 24 మెగాపిక్సెళ్ళ కంప్రెస్డ్ రా ఫైలు దాదాపు 25 ఎంబీ, మూడు వేల ఫోటోలకు 75 జీబీ. 4కే వీడియో 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీ) మీద గంటకు 45 జీబీ, రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 జీబీ. డ్రోన్‌తో కలిపి ఒక పెండ్లి 650 జీబీ దాటుతది. రెండు కాపీలు ఉంచాలంటే 1.3 టీబీ. ఇరవై పెండ్లిళ్ళ సీజన్‌కు 26 టీబీ. ప్యాకేజీ రేటులో హార్డ్ డిస్క్ పైసలు వేసుకోని స్టూడియోలు ఇక్కడే పాత డేటా చెరిపి, ఆల్బమ్ ఇవ్వని పెండ్లిని కూడా పోగొట్టుకుంటయి.

నీ కెమెరాకు ఒక్కటే స్లాట్ కాబట్టి 256 జీబీ కార్డు ఒక్కటి వాడకు. 32 జీబీవి ఆరేడు తీసుకో. ఎదుర్కోళ్ళు ఒకదాంట్లో, లగ్నం ఒకదాంట్లో, అప్పగింతలు ఇంకోదాంట్లో. ఒకటి చెడినా మొత్తం పెండ్లి పోదు. తీసిన కార్డును డబ్బాలో బోర్లా పెట్టు, ఖాళీది వెల్లకిలా పెట్టు, హడావుడిలో తికమక ఉండదు. కొత్త కార్డు కొన్నప్పుడు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిండుగా రాసి చదివించు. నకిలీ కార్డు మీద 128 అని ఉంటది, లోపల 16 ఉంటది, నిండినంక పాత ఫోటోల మీదనే రాస్తది. వీడియోకు వీ30 గుర్తు ఉన్నది చాలు, అంటే సెకనుకు 30 ఎంబీ రాసే హామీ. 100 ఎంబీపీఎస్ వీడియోకు కావలసింది 12.5 మాత్రమే. రేపు రెండు స్లాట్ల కెమెరా తీసుకుంటే రెండిట్లో ఒకేసారి రాసేట్టు పెట్టు. చాలామంది మొదటిది నిండితే రెండోదానికి పోయేట్టు వదిలేస్తరు, అప్పుడు రెండు స్లాట్లు ఉండి లాభం లేదు. ఇంకో చిక్కు, రెండో దాంట్లో చవక కార్డు పెడితే కెమెరా మొత్తం దాని వేగానికే దిగుతది, బర్స్ట్ (వరుస క్లిక్‌లు) మధ్యలో ఆగుతది.

ఇంటికొచ్చినంక కట్ చేసి పేస్ట్ చేయకు. కాపీ చేయి, అది కూడా టెరాకాపీ లాంటి కాపీ సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై (కాపీ సరిగ్గా వచ్చిందా సరిచూసుడు) ఆన్ చేసి. మామూలు కార్డు రీడర్ సెకనుకు 90 ఎంబీ లాగితే 75 జీబీకి దాదాపు పావుగంట పడుతది, 540 జీబీకి గంటా నలభై నిమిషాలు, వెరిఫైతో ఇంచుమించు రెట్టింపు. రెండు వేర్వేరు డిస్కుల్లోకి వచ్చి, రెండిట్లోనూ నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూసినాకనే కార్డు ఫార్మాట్, అదీ కెమెరాలోనే. రెండో డిస్కు స్టూడియోలో ఉంచకు, ఇంట్లో ఉంచు. దొంగతనమైనా షార్ట్ సర్క్యూట్ అయినా ఒక్కచోటే జరుగుతది. పొరపాటున కార్డు ఫార్మాట్ అయితే భయపడకు, కానీ ఆ క్షణం నుంచి దాని మీద ఒక్క క్లిక్ కొట్టొద్దు. మామూలు ఫార్మాట్ ఫైళ్ళ జాబితానే చెరుపుతది, ఫోటోలు ఇంకా అక్కడే ఉంటయి. ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్‌తో వేరే డిస్కులోకి తీస్తే జేపెగ్, రా చాలామట్టుకు వస్తయి. పెద్ద వీడియో ఫైళ్ళు ముక్కలు ముక్కలుగా ఉంటయి కాబట్టి అవి వచ్చుడు అనుమానమే.

పొద్దున కెమెరాలన్నిటి గడియారం ఒకే ఫోన్ చూసి సెట్ చేయి. ఆ ఫోన్ తెరను ప్రతి కెమెరాతో ఒక ఫోటో తీసి పెట్టు. ఆల్బమ్‌కు కూర్చున్నప్పుడు మూడు కెమెరాల ఫోటోలు టైం ప్రకారం వాటంతటవే వరుసలోకి వస్తయి. ఒక గడియారం తప్పినా ఆ ఫోటో చూసి లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకేసారి సరిచేయొచ్చు. ఇది చేయకుంటే పుస్తె కట్టుడు ముందు, బరాత్ తర్వాత, అన్నీ చేత్తో కలుపుకోవాల్సి వస్తది.

రెండు ఆల్బమ్‌ల పైసలు ఎందుకు ఆగినయో నువ్వు రాయలేదు గానీ, నూటికి ఎనభై చోట్ల కారణం ఒక్కటే. మూడు వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో పోసి, సెలెక్షన్ చేసుకోండి అని ఇచ్చి ఉంటవు. పిల్ల అత్తగారింట్లో ఉంటది, పెన్‌డ్రైవ్ తల్లిగారింట్లో ఉంటది, మేనత్త ఫోటో ఎందుకు లేదని ఒక లొల్లి. మూడు నెలలు దాటితే పెండ్లి అప్పులు గుర్తుకొస్తయి, నీ బాకీ అన్నిటికంటే కిందికి పోతది. మూడు వేలు ఎవ్వరికీ ఇవ్వకు. కండ్లు మూసినవి, మసకవి, ఒకేలాంటివి తీసేసి నాలుగైదు వందలకు దించి ఫోన్‌లో చూసుకునే గ్యాలరీగా పంపు. 35 షీట్ల ఆల్బమ్‌కు షీటుకు నాలుగు లెక్కన 140 ఫోటోలు చాలు. 15 రోజుల్లో ఎంచుకోకుంటే స్టూడియోనే ఎంచి డిజైన్ చేస్తదని బయానా రోజే కాగితం మీద రాయించుకో. పెండ్లి రాత్రే ముప్పై నలభై మంచి ఫోటోలు సరిచేసి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, మామూలుగా పంపితే నలిగిపోతయి. చుట్టాల ఫోన్ ఫోటోలు అప్పటికే స్టేటస్‌లో ఉంటయి. నీవి కూడా అదే రాత్రి పడితే మిగిలిన బాకీ అడగనీకి నోరు లేస్తది.

పైసల వరుస ఇట్లా పెట్టు: తేదీ ఖాయం చేసినప్పుడు బయానా 30 శాతం, పెండ్లి రోజు పొద్దున 40, డిజైన్ ఓకే చేసి ప్రింటుకు పంపే ముందు 20, ఆల్బమ్ చేతికిచ్చినప్పుడు 10. నీ జేబు నుంచి ఖర్చు పోయే ప్రతి మలుపుకూ ముందే వాళ్ళ పైసలు వచ్చి ఉండాలె. లెక్క కోసం 90,000 ప్యాకేజీ అనుకో. ఇంకో ఇద్దరు కెమెరామెన్‌కు 15,000, డ్రోన్ 6,000, ఎడిటింగ్ 8,000, ఆల్బమ్ 14,000, బండి, తిండి 4,000, డిస్కులు 3,000, మొత్తం 50,000. మిగిలిన 40,000లో నీ కూలి, షాపు కిరాయి, కెమెరా అరుగుదల. నీ దగ్గరి రేట్లు పెట్టి ఇదే లెక్క మళ్ళీ వేసుకో. చివరి 10 శాతం మునిగినా 9,000 పోతది, బతుకుతవు. ఆల్బమ్ తర్వాత సగం ఇస్తమన్న బేరం ఒప్పుకుంటే నీ పైసలతో వాళ్ళ పెండ్లి చేసినట్టు.

కాగితంలో ఇంకో వాక్యం కావాలె. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, పైసలిచ్చి తీయించుకున్న ఫోటోకు వేరే ఒప్పందం లేకుంటే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే, తీసినోడు కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో, షాపు బోర్డు మీద వాడుకునే అనుమతి అందులోనే రాయించుకో. పిల్ల తండ్రి సంతకం ఒక్కటే కాదు, పిల్లను కూడా అడుగు. పెండ్లైన 90 రోజుల తర్వాత వీడియో ఒరిజినల్ ఫైళ్ళు ఉంచే బాధ్యత లేదని, కావాలంటే డిస్కు కొనిచ్చి తీసుకపోవాలని కూడా రాయి. ఏడాది బిల్లులు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, ఫోటోగ్రఫీకి 18 శాతం.

ఆల్బమ్ నల్లగా వచ్చిందని ల్యాబ్‌తో కొట్లాడే ముందు నీ మానిటర్ చూసుకో. షాపులో కొన్న రోజున్న వెలుగులోనే వదిలేస్తే అది ప్రింటు కంటే చాలా ఎక్కువ. దాని మీద బాగున్న ఫోటో కాగితం మీద మసకగానే పడుతది. వెలుగు 100–120 క్యాండెలాకు, 6500 కెల్విన్‌కు క్యాలిబ్రేట్ చేయి. క్యాలిబ్రేట్ చేసే పరికరం లేకుంటే నాలుగు రకాల మొఖాలున్న ఒక షీటు ల్యాబ్‌లో ప్రింటు తీయించి, మానిటర్ పక్కన పెట్టి రెండూ ఒకేలా కనబడేదాకా వెలుగు తగ్గించు. 12×36 షీటు 300 డీపీఐ మీద 10,800×3,600 పిక్సెళ్ళు, ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో సేవ్ చేయి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే మొఖాలు పాలిపోతయి. ల్యాబ్‌కు కరెక్షన్ వద్దని రాయి, లేకుంటే నువ్వు సరిచేసింది వాళ్ళు మళ్ళీ సరిచేస్తరు. మడత పడే నడిమి గీతకు అటూ ఇటూ అంగుళం లోపల మొఖం రావద్దు, అంచుల నుంచి అర అంగుళం వదులు. కవర్ మీద పేర్లు లగ్నపత్రికలో ఉన్నట్టే రాసి, ఫోటో పంపి, సరే అని వాట్సాప్‌లో జవాబు వచ్చినంకనే ప్రింటు.

డ్రోన్ కిరాయికి తెచ్చుకునేటప్పుడు ఒక్కటి చూడు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో పైసలకు పనిచేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్ రెండూ కావాలె. ప్రీవెడ్డింగ్ అంటే అందరూ నాగార్జునసాగర్ అంటరు, డ్యామ్ దగ్గర ఎగరేస్తే డ్రోన్ పోలీస్ స్టేషన్‌కు పోతది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల అటవీశాఖ అనుమతి లేకుండా తీయకు.

ఇక కెమెరా. మూడు లక్షలు మూడేండ్లకు 14 శాతం వడ్డీ మీద తెస్తే నెలకు 10,250 కట్టాలె. ఆషాఢం, పుష్యం, మూఢాలు వస్తే ముహూర్తాలు ఉండవు, కిస్తీ మాత్రం ఉంటది. ఈ సీజన్‌కు రెండు స్లాట్ల బాడీని పెండ్లి రోజులకు మాత్రమే కిరాయికి తీసుకో. పైసలుంటే ముందు రెండు ఫ్లాష్‌లు, ట్రిగ్గర్, స్టాండ్లు, రెండు హార్డ్ డిస్కులు కొను. నీ కంపెనీలోనే 35, 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సులు తీసుకో, కానీ ముందు ఫుల్ ఫ్రేమ్‌కు పనికొచ్చేవేనా, కొత్త మౌంటుకు (లెన్సు తగిలించే చోటుకు) అడాప్టర్ దొరుకుతదా అడిగి తెలుసుకో. వరుసగా రెండు సీజన్లు కిరాయి కిస్తీ కంటే ఎక్కువైతే అప్పుడు కొను, అది కూడా సెకండ్ హ్యాండ్. అరుగుదల లెక్క వేసే కొను. ఈ తరహా బాడీల్లో షట్టర్ సాధారణంగా 2 లక్షల క్లిక్‌ల దాకా పరీక్షించినవి, పెండ్లికి మూడు వేల లెక్కన 66 పెండ్లిళ్ళు.

హైదరాబాద్ కోఠిలో సెకండ్ హ్యాండ్ కెమెరా చూసేటప్పుడు షట్టర్ కౌంట్ అడుగు. తెల్ల గోడను ఎఫ్ 16లో ఫోకస్ తప్పించి తీసి, ల్యాప్‌టాప్‌లో పెద్దగా చేసి మచ్చలు చూడు. చుక్కలైతే దుమ్ము, తుడిస్తే పోతది. గీతలైతే వదిలేయి. రెండు స్లాట్లలో నీ కార్డులే పెట్టి ఇరవై నిమిషాలు 4కే ఆపకుండా రికార్డు చేయి. షాపాయన టీ తాగుదాం రా అన్నా కెమెరా దగ్గర నుంచి కదలకు.